గోడ గుండె తడిస్తే: స్వేల్‌డేల్ పొలం కొట్టాల మరమ్మతు, ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానవనంలో స్వేల్ నది ఎగువ లోయకు (స్వేల్‌డేల్‌కు) వెళ్తే, మ్యూకర్, గన్నర్‌సైడ్ ఊళ్ల చుట్టూ ఇంచుమించు ప్రతి గడ్డి మడిలోనూ ఒక రాతి కొట్టం నిలబడి ఉంటుంది. ఇంటి పక్కన ఉండాల్సిన పశువుల కొట్టం పొలం మధ్య ఒంటరిగా ఎందుకుందో తెలియకుండా దీనికి మరమ్మతు మొదలుపెట్టకూడదు. తెలియక చేసినవాళ్లు గాలి కోసం వదిలిన కంతల్ని పూడ్చేస్తారు, గోడను సిమెంటుతో బిగించేస్తారు, పదేళ్లకు ఆ గోడ పొట్ట ఉబ్బుతుంది.

ఈ కొట్టాల వెనక ఉన్న లెక్క చాలా సూటిది. ఎండుగడ్డి బరువు తక్కువే గాని చోటు ఎక్కువ తింటుంది. ఏటవాలు మడుల నుంచి దాన్ని ఊళ్లోకి మోయడం, చలికాలమంతా పోగైన పేడను మళ్లీ అదే మడికి మోయడం, రెండూ గొడ్డుచాకిరీ. అందుకని గడ్డి కోసిన చోటే నిల్వ చేశారు, ఆవుల్ని అక్కడే కట్టేశారు, పేడను ఆ మడిలోనే చల్లారు. నవంబరు నుంచి మే దాకా రైతే రోజూ కొట్టానికి నడిచి వెళ్లి, మేత వేసి, పాలు పిండి, క్యాను వీపుకు తగిలించుకుని ఇంటికి తెచ్చేవాడు. ఇప్పుడు మిగిలిన కొట్టాల్లో ఎక్కువ 18, 19 శతాబ్దాలవి. అంతకు ముందరి కప్పులు చాలావరకు హెదర్ అనే మొక్క కొమ్మలతో, బాగా ఏటవాలుగా ఉండేవి. రాతి పలకలు వచ్చాక వాలు తగ్గింది. కొన్ని గేబుల్ గోడల్లో, అంటే కొట్టం చివరన త్రికోణంగా లేచే గోడల్లో, ఆ పాత వాలు గీత ఇప్పటికీ కనబడుతుంది. సర్వేలో దాన్ని గుర్తించి ఫోటో తీసి పెట్టాలి. కొత్తగా పాయింటింగ్ చేస్తే, అంటే రాళ్ల సందుల్ని మళ్లీ పూడిస్తే, ఆ సాక్ష్యం శాశ్వతంగా పోతుంది.

ఇక్కడ కేసుగా తీసుకున్నది ఒక యజమాని కొట్టం కాదు, ఆ రకం కట్టడం మొత్తం. లెక్కలకు మాత్రం 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, చూరు దగ్గర 4 మీటర్ల ఎత్తు, 32 డిగ్రీల వాలు కప్పు ఉన్న ఒక నమూనా కొట్టాన్ని పట్టుకున్నాం.

లోపలి అమరిక

కొట్టం రెండు భాగాలు. ఒక భాగం నేల నుంచి కప్పు దాకా ఖాళీ. అది గడ్డి నింపే చోటు, స్థానికంగా మ్యూస్టెడ్ అంటారు. రెండో భాగంలో కింద ఆవులు, పైన అటక, ఆ అటక మీదా గడ్డే. ఆవుల మధ్య అడ్డు పలకలు (వీటిని బాస్కిన్లు అంటారు) చెక్కవో, నిలబెట్టిన బండలో. సాధారణంగా ఒక్కో గడిలో రెండేసి ఆవులు. గడ్డి గదికీ ఆవుల తలల వైపుకీ మధ్య ఒక సన్నని దారి, అక్కడి నుంచే మేత వేస్తారు. ఆవుల వెనక రాతి కాలువ, గోడకు కింద ఒక చిన్న కంత. పేడ ఆ కంతలోంచి బయటికి పోతుంది. పైన ఇంకో చతురస్రపు కిటికీ ఉంటుంది, దాని పని గడ్డిని బయటి నుంచి పంగల కర్రతో లోపలికి నెట్టడం. బండి లోపలికి రానక్కర్లేదు కాబట్టి పెద్ద తలుపు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ కొట్టాలు ఖాళీ పడటానికి ఇదీ ఒక కారణం. ట్రాక్టరు ఈ ద్వారంలో పట్టదు, మాగేసిన పచ్చిగడ్డి అటకెక్కదు.

గోడలో సన్నని నిలువు సందులుంటాయి, బయట ఇరుకుగా, లోపలికి వెడల్పుగా. సరిగ్గా ఎండని గడ్డి లోపల వేడెక్కుతుంది, ఒక్కోసారి తనంతట తానే అంటుకుంటుంది. ఈ సందులు ఆ వేడిని, చెమ్మను బయటికి పంపడానికి పెట్టినవి. గడ్డి లేకపోయినా అవి పని చేస్తూనే ఉంటాయి, కప్పు కర్రలను ఆరబెడతాయి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంత కాలం బూజు తెగులు పట్టదు. గాలి ఆగిన కొట్టంలో ఆ అంకె దాటడానికి ఎంతో కాలం పట్టదు.

గోడ నిజంగా ఎలా కట్టారు

బయటికి ఒకే గోడలా కనిపించేది నిజానికి రెండు పలుచని గోడలు. మొత్తం మందం 550 నుంచి 700 మిల్లీమీటర్లు. బయటి ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి, కొంచెం సున్నం. ఈ రెండు ముఖాలను కలిపి పట్టుకునేవి త్రూ రాళ్లు, అంటే గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా వేసిన పొడుగాటి రాళ్లు. స్వేల్‌డేల్‌లో ఇవి బయటికి కాస్త పొడుచుకొచ్చి, గోడ పొడవునా వరుసలుగా కనిపిస్తాయి. చూసేవాళ్లకు అలంకారంగా తోచే ఆ వరుసలే గోడకు ఎముకలు. సమంగా కనబడాలని వాటి కొసలు చెక్కేయమని అడిగేవాళ్లున్నారు. ఒప్పుకోకూడదు. చెక్కే దెబ్బల అదురుకు లోపలి మట్టి పట్టు సడలిపోతుంది.

ఇక్కడి కొండలో సున్నపురాయి, షేల్ (పొరలుగా విడిపోయే మట్టిరాయి), ఇసుకరాయి పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి వస్తాయి. సున్నపురాయిని కోణంగా చెక్కడం కష్టం. అందుకే మూలరాళ్లు, ద్వారపు రాళ్లు, త్రూ రాళ్లు ఇసుకరాయివి, గోడ మిగతా భాగానికి దగ్గర్లో ఏ రాయి దొరికితే అది. ఇసుకరాయిని మార్చాల్సి వస్తే దాని పొరలు నేలకు సమాంతరంగా ఉండేలా పడుకోబెట్టి వేయాలి. పొర ముఖం బయటికి పెట్టి నిలబెడితే కొన్ని చలికాలాలకే పేజీల్లా ఊడొస్తుంది.

బరువుల సంగతి. 4 మీటర్ల ఎత్తు, 600 మి.మీ మందం ఉన్న గోడ ఒక్కో మీటరు పొడవుకు 5 టన్నుల పైచిలుకు తూగుతుంది. కప్పు వాలు ఒక్కో వైపు సుమారు 3.6 మీటర్లు, రెండు వైపులా కలిపి దగ్గర దగ్గర 65 చదరపు మీటర్లు. 20 మి.మీ మందం ఇసుకరాతి పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు పడుతుంది. అంటే కప్పు మీద ఆరున్నర టన్నుల రాయి. మధ్యలో ఒకే ట్రస్ (కప్పును మోసే త్రికోణపు కర్ర చట్రం) ఉంటే ఆ బరువులో సగానికి కాస్త తక్కువ దాని మీదే వస్తుంది, ఒక్కో పాదం దగ్గర ఒకటిన్నర టన్ను. కొట్టంలో ఏదైనా కదిలిందంటే ముందు చూడాల్సింది ఆ రెండు పాదాలనే.

చెడటం ఎక్కడ మొదలవుతుంది

ఓక్ చెక్క మేకు కుళ్లి ఒక పలక జారుతుంది. వాన నేరుగా గోడ తల మీద పడుతుంది. పైనుంచి దిగిన నీరు మధ్యలోని మట్టిని మెల్లగా కడుగుతుంది. మట్టి పోయాక చిన్న రాళ్లు కిందికి కుంగి, సీలల్లా దిగబడి రెండు ముఖాలను చెరోవైపు నెడతాయి. త్రూ రాళ్లు తక్కువగా ఉన్న చోట బయటి ముఖం పొట్టలా ఉబ్బుతుంది. గోడ బయట పొడిగా కనబడుతున్నప్పుడే ఇదంతా జరుగుతుంది. ఉబ్బు కంటికి కనిపించేసరికి లోపల చాలా భాగం ఖాళీ అయి ఉంటుంది. సుత్తి పిడితో తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. గోడ పొడవునా అర మీటరుకో చోట తట్టి, డొల్ల చోట్లను సుద్దతో గుర్తు పెట్టుకుంటే ఒక పూటలో గోడ పరిస్థితి పటంలా తేలిపోతుంది.

ఉబ్బు ఎక్కడుందన్నదే కారణాన్ని చెబుతుంది. చూరు కింద పొడవునా ఉంటే అది నీటి పని. సరిగ్గా ట్రస్ కూర్చున్న చోట మాత్రమే ఉంటే ట్రస్ అడ్డదూలం కొస కుళ్లి, రెండు వాసపు కాళ్లు విచ్చుకుని గోడను తోస్తున్నాయని అర్థం. మొదటిదానికి కప్పు, గోడ తల సరిచేయాలి. రెండోదానికి కర్ర సరిచేయకుండా గోడ ఎన్నిసార్లు కట్టినా మళ్లీ అదే చోట ఉబ్బుతుంది. ఇక గోడ మూల దగ్గర పైనుంచి కిందికి తిన్నగా దిగే చీలిక చూసి కంగారు పడాల్సిన పని లేదు. చాలాసార్లు అది చీలిక కాదు, తర్వాతి కాలంలో చేర్చిన వారపాక గోడ అతుకు. రెండు వైపులా మూలరాళ్ల చివరలు శుభ్రంగా ఉంటే అతుకు, రాయి విరిగి ఉంటే చీలిక.

సిమెంటు ఈ కథను ఎన్నో రెట్లు వేగంగా నడిపిస్తుంది. సున్నపు సందుల్లోంచి నీరు లోపలికి వెళ్తుంది, ఎండ కాయగానే అవే సందుల్లోంచి బయటికి వచ్చేస్తుంది. సిమెంటుతో సందులు పూడిస్తే అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. వాటిలోంచి నీరు లోపలికి పోతుంది గాని ఆరడానికి దారి ఉండదు. అప్పుడు నీరు రాతిలోంచే బయటికి రావాల్సి వస్తుంది, మంచు గడ్డకట్టినప్పుడు రాతి ముఖం పెచ్చులూడుతుంది. సిమెంటు గీతలు మాత్రం పొడుచుకుని అలాగే నిలబడి ఉంటాయి, మధ్యలో రాయి గుంటలు పడి ఉంటుంది. పాత గ్రాంటు పనుల్లో కూడా ఈ తప్పు జరిగింది. సిమెంటు వదులుగా ఉన్న చోట తీసేయాలి. గట్టిగా అంటుకుని, తీస్తే రాయి అంచులు విరిగేలా ఉంటే, తనంతట తాను వదిలేదాకా దాన్ని ఉండనివ్వడమే మేలు.

అనుమతులు, గబ్బిలాలు, కాలం

లోయలోని ఈ కట్టడాలను, గోడలను కలిపి 1989లో స్వేల్‌డేల్ అండ్ ఆర్కెన్‌గార్త్‌డేల్ బార్న్స్ అండ్ వాల్స్ పేరుతో పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అంతకు ముందు 1987 నుంచే పెన్నైన్ డేల్స్ పర్యావరణ సున్నిత ప్రాంతం పథకం కింద గడ్డి మడులతో పాటు కట్టడాల వైపూ డబ్బు వచ్చింది. ఇంగ్లండ్‌లో వ్యవసాయ కట్టడాలను పూర్తి అనుమతి ప్రక్రియ లేకుండా ఇళ్లుగా మార్చే వీలు 2014లో వచ్చింది గాని, జాతీయ ఉద్యానవనాల్లో అది వర్తించదు. డేల్స్ స్థానిక ప్రణాళిక రోడ్డు పక్కనో, ఊళ్లోనో, కట్టడాల గుంపులోనో ఉన్న కొట్టాలకే మార్పు దారి తెరిచింది. మడి మధ్యలో ఉన్నవాటికి అసలైన దారి మరమ్మతే. ఆ నియమం సబబైనదే. మడి మధ్య కొట్టానికి రోడ్డు, కరెంటు, కారు నిలిపే చోటు ఇస్తే దాని చుట్టూ ఉన్న గడ్డి మడి మిగలదు.

గబ్బిలాలకు, వాటి నివాసాలకు చట్టపు రక్షణ ఉంది. బార్న్ అవుల్ అనే గుడ్లగూబకూ ఉంది. కప్పు విప్పే ముందు గబ్బిలాల సర్వే తప్పదు, సాయంకాలం బయటికి వచ్చేవాటిని లెక్కపెట్టే సర్వే మే నుంచి సెప్టెంబరు మధ్యే కుదురుతుంది. అంటే వచ్చే ఏడు పని అయితే ఈ ఏడే సర్వే పెట్టుకోవాలి. పిల్లల్ని పెంచే వేసవి నెలల్లో, నిద్రలో ఉండే చలికాలంలో కప్పు ముట్టుకోకూడదు. అటు సున్నానికి 5 డిగ్రీల పైన వాతావరణం కావాలి. ఈ రెంటి మధ్య కప్పు విప్పడానికి దొరికేది ఏప్రిల్‌లో కొన్ని వారాలు, లేదా సెప్టెంబరు, అక్టోబరు మొదలు. శరదృతువులో విప్పితే కొత్త సున్నం గట్టిపడేలోపే మంచు వచ్చే ప్రమాదం ఉంది. వీలైతే ఏప్రిల్‌నే ఎంచుకోవాలి. అప్పుడు స్వాలో అనే చిన్న పక్షులు గూళ్లు మొదలుపెట్టక ముందే పరంజా ఎక్కాలి.

పని వరుస

ముందు అడ్డు ఆనికలు. ట్రస్ అడ్డదూలం రెండు గోడల తలలను కలిపి పట్టుకుని ఉంటుంది. ఉబ్బిన గోడకు ఆనిక పెట్టకుండా కప్పు విప్పితే గోడకు ఉన్న ఆ ఒక్క పట్టూ పోతుంది.

పలకలను విప్పేటప్పుడు పొడవుల వారీగా కట్టలు పెట్టాలి. చూరు దగ్గర పెద్దవి, వెన్ను దగ్గరికి పోయేకొద్దీ చిన్నవి. మేకు రంధ్రం నుంచి కింది అంచు దాకా కొలిచి, 50 మి.మీ తేడాకో గుట్ట. ప్రతి పలకను ఒక చేత్తో వేలాడదీసి సుత్తి కొసతో తట్టి వినాలి. గంటలా మోగితే మంచిది, బొంగురు శబ్దం వస్తే లోపల పొర విడిపోయింది. నాలుగో వంతు పోతాయని అనుకుని లెక్క వేసుకోవాలి. మన నమూనాలో అది 16 చదరపు మీటర్లు. ఇక్కడే ఎక్కువ బడ్జెట్లు దెబ్బతింటాయి. పాత పలకలు అమ్మే చోట కొనడం తేలిక, కానీ అవి ఇంకో కొట్టం కప్పు నుంచి వచ్చినవే. కొత్తగా తీసిన పలకలకు ముందే ఆర్డరు పెట్టాలి. అవి అందడం ఆలస్యమైతే మంచి పాత పలకలన్నీ కనబడే వాలు వైపు వేసి, కొత్తవి ఇంకో వాలుకు ఉంచుకోవచ్చు.

కర్రల్లో గోడలో దిగబడిన కొసలే కుళ్లుతాయి, మధ్య భాగం చాలావరకు గట్టిగానే ఉంటుంది. మొత్తం దూలం మార్చకండి. మంచి కర్ర కనబడేదాకా కోసి, బాగా ఆరిన ఓక్ ముక్కను ఏటవాలు అతుకుతో చేర్చి స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించాలి. కొస చుట్టూ 20 మి.మీ గాలి సందు వదలాలి. గోడలో కర్రను సున్నంతో గట్టిగా పాతిపెడితే ఇరవై ఏళ్లలో మళ్లీ అదే పని.

ఉబ్బిన భాగం విప్పే ముందు సమాంతర గీతలు గీసి, ప్రతి మూలరాయికి, ద్వారపు రాయికి అంకె వేసి ఫోటో తీయాలి. మధ్య రాళ్లకు అంకెలు అక్కర్లేదు, వరుసల ఎత్తు గుర్తుంటే చాలు. 4 చదరపు మీటర్ల ముఖం పూర్తి మందంతో కట్టాలంటే 2.4 ఘనపు మీటర్ల గోడ, అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు సున్నపు ముద్ద. రోజుకు అర మీటరు ఎత్తు దాటకూడదు. కింది సున్నం ఇంకా మెత్తగా ఉండగానే పైన బరువు పెడితే అది సందుల్లోంచి బయటికి కారి గోడ జరుగుతుంది. త్రూ రాళ్లు అడ్డంగా మీటరుకు ఒకటి, నిలువుగా 600 మి.మీ ఎత్తుకో వరుస, ఒక వరుసవి పై వరుసవాటికి మధ్యలో పడేలా. పాత గోడలో అంతకంటే తక్కువ ఉన్నా కొత్త భాగంలో ఇది తగ్గించకూడదు. మధ్యలో చిన్న రాళ్లను చేత్తో ఒక్కొక్కటీ ఇరికించాలి. పారతో కుమ్మరించి పైన సున్నం పోసే పని చూడటానికి వేగంగా అవుతుంది, కానీ అలా కట్టిన గోడ మొదటి పెద్ద వానకే కుంగడం మొదలవుతుంది.

సున్నం విషయంలో గానుగ సున్నం ఎరిగిన మేస్త్రికి కొత్తగా నేర్పేది తక్కువే. గోడ కట్టడానికి కాల్చిన సున్నం ఒక వంతు, గరుకైన ఇసుక మూడు వంతులు కలిపి, నీళ్లు పోసి వేడి మీదే కలిపే పద్ధతి ఇక్కడి పాత గోడలకు దగ్గరగా వస్తుంది. కాల్చిన సున్నం తడిసి పొంగుతుంది కాబట్టి చివరికి ముద్దలో సున్నం వంతు ఆ లెక్క కన్నా ఎక్కువ. నీళ్లు మరిగే వేడి పుడుతుంది, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దగ్గరికి వెళ్లకూడదు. గోడ తలకు, వెన్ను రాళ్ల పరుపుకు మాత్రం నీటిలో గట్టిపడే సహజ హైడ్రాలిక్ సున్నం, 3.5 రకం, వాడటం మంచిది. అక్కడ తడి ఎప్పుడూ ఉంటుంది, మామూలు సున్నం గాలికి గట్టిపడే తీరిక దొరకదు. 5 రకం ఈ రాళ్లకు మరీ గట్టి. సిమెంటుతో వచ్చే తిప్పలే దానితోనూ మొదలవుతాయి.

పాయింటింగ్‌కు సందును దాని వెడల్పుకు రెట్టింపు లోతు, కనీసం 25 మి.మీ, చేతి ఉలితో గీకాలి. గ్రైండరు పెట్టకూడదు, రాయి అంచుల్లో అది కోసిన గీత ఎప్పటికీ పోదు. సందును కడిగి తడిపి, సున్నం లోపలికి గట్టిగా నొక్కి, రాయి ముఖంతో సమంగా ఆపాలి. మర్నాడు అది తోలులా బిగిశాక గట్టి కుచ్చుల బ్రష్‌తో కొట్టాలి. పైపొర గరుకై గాలి తగులుతుంది. ఆపైన కనీసం వారం రోజులు తడి గోనెపట్టా కట్టి ఉంచాలి. డేల్స్‌లో వాన గురించి జాగ్రత్త పడతారు గాని, వేసవి గాలి సున్నాన్ని ఆరబెట్టేసి పొడిచేయడమే ఎక్కువగా పని పాడుచేస్తుంది.

పలకలు వేయడంలో కొలత ఒకే సూత్రం మీద నడుస్తుంది. ఒక వరుసకు పైన వచ్చే రెండో వరుస కింది అంచు, ఈ వరుస మేకు రంధ్రం కన్నా 80 మి.మీ కిందికి రావాలి. ఒకే పొడవు పలకలైతే పొడవులోంచి 80 తీసి సగం చేస్తే రీపర్ల ఎడం వస్తుంది, 600 పొడవుకు 260. పొడవు మారే చోట మాత్రం ఈ సగం లెక్క పనికిరాదు. కింది వరుస పొడవును పట్టి మళ్లీ రీపరు గీత గీయాలి. కారే కప్పులు చాలావరకు కారేది ఆ మార్పు వరుసల్లోనే. రీపర్లు 50 × 25 మి.మీ, వాసాలు 400 మి.మీ ఎడంలో. ఇళ్లలో వేసే గాలి చొరబడే పొర ఇక్కడ వద్దు. దాని సన్నని దారాల్లో గోళ్లు చిక్కుకుని గబ్బిలాలు చనిపోతాయి, పైగా వేడి చేయని కొట్టానికి అది అక్కర్లేదు. పలకల అడుగున సున్నంలో జంతువుల వెంట్రుకలు కలిపి పూసే పాత పద్ధతి చాలు. గబ్బిలాలు దూరే చోట్ల ఆ పూత వేయకుండా 20 మి.మీ సందు వదిలి, ఏ వరుసలో వదిలారో చిత్రంలో గుర్తు పెట్టాలి.

కొట్టం చుట్టూ నేల ఏళ్ల తరబడి పేడతో, మట్టితో పెరిగి ఉంటుంది. లోపలి నేల కన్నా 150 మి.మీ దిగువకు దాన్ని దించాలి. అలా దించేటప్పుడు పునాది రాయి కనబడితే అక్కడే ఆగాలి. చాలా కొట్టాలు లోతైన పునాది లేకుండా కొన్ని పెద్ద బండల మీదే లేచినవి.

ఆ తర్వాత ఏటా అక్టోబరులో ఒకసారి, పెద్ద గాలివాన తర్వాత ఒకసారి కింది నుంచి దుర్భిణీతో కప్పు చూస్తే చాలు. పలక ఒకటి జారి ఉంటే పై వరుసను మెల్లగా ఎత్తి, రాగి పట్టీని రీపరుకు మేకుతో కొట్టి, పలకను తిరిగి పైకి తోసి, పట్టీ కింది కొసను దాని అంచు మీదికి మడవాలి. ఇద్దరు మనుషులు, కప్పు మీద వేసే ఒక నిచ్చెన, గంట సేపు పని.